చరణంలో పై సగం

“ఈ జాకెట్టు ఎవరిది?”

టైలరమ్మ ఆ మాట అడగడం అది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు మొగుడు వినపడనట్టు ఊరుకున్నాడు. రెండోసారి దగ్గాడు. మూడోసారికి ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది. అయినా అబ్బా అనలేదు. దెబ్బ తగిలినా నోరు మెదపని మొగుడి దగ్గర ఏదో దాగి ఉందని ఏ పెళ్లానికీ ఒకళ్లు చెప్పనక్కర్లేదు.

కత్తిరింపు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. గోడవారగా, కుట్టడం పూర్తయిన తెల్లగౌన్లు హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. ఎక్కడో దూరంగా ఉన్న చర్చి సంఘంలో కొత్తగా క్వయర్, అంటే పాటల బృందం, పెట్టుకున్నారట. పాడేవాళ్లందరికీ ఒకేరకం గౌన్లు కావాలట. కొలతకి ఆది బట్టలు సంచిలో వేసి పంపారట. మొగుడు సంచి తెచ్చిన రోజు చెప్పిన కథ అది. ఆవిడ నమ్మింది. ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసుకునే మనిషి, అబద్ధం ఆడాలంటే ముందు చెవులు ఎర్రబడే మనిషి, గౌన్ల గురించి అబద్ధం ఎందుకు ఆడతాడు?

ఆది బట్టలు ఒక్కొక్కటే తీసి, కొలిచి, సుద్దతో గీసి, కత్తిరించి కుట్టుకుంటూ వచ్చింది. సంచి అడుగున మిగిలింది ఈ జాకెట్టు.

దీన్ని కొలవడానికి టేపు అక్కర్లేకపోయింది. ఎడమ చంక కింద అతుకు వేలికి తగిలింది. చిన్నప్పుడు ప్రహరీగోడ మీంచి పడి ఎడమ భుజం కాస్త వాలిపోయిన మనిషికి, ఆ వాలు బయటికి కనపడకూడదని లోపల్నించి వేసిన ముక్క అది. ఆ కుట్టు ఆవిడ సొంత చేతికుట్టు. అలాంటి జాకెట్టు తొడుక్కునేది ఒక్కరే. ఆవిడ చెల్లెలు.

“చెప్పు నాయనా,” అంది మూలన కుర్చీలో కూర్చున్న అమ్మ. ఆవిడకి చూపు ఆనదు. ఒళ్లో డబ్బా పెట్టుకుని గుండీలు వేళ్లతో తడిమి చిన్నవీ పెద్దవీ వేరు చేస్తోంది. “నువ్వు చెప్పేదాకా ఇది అడుగుతూనే ఉంటుంది. ఈలోగా నా గుండీలన్నీ కలిసిపోతున్నాయి.”

మొగుడు లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“ఆ గౌన్లు మన సంఘానివే,” అన్నాడు.

“మన సంఘంలో క్వయర్ ఎక్కడుంది?”

“ఈ ఆదివారం నుంచి ఉంటుంది.”

టైలరమ్మ చేతిలో కత్తెర బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. ఆవిడకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది, చేతులు నెమ్మదిస్తాయి. పాతికేళ్ల కాపురంలో మొగుడికి బాగా తెలిసిన సంగతుల్లో అదొకటి.

“అంటే మీరు చర్చిలో బిగించిన మైకులు?”

“అవీ అందుకే.”

“పాస్టరు అయ్యగారి ప్రసంగం వెనక బెంచీలకి వినపడట్లేదు, అందుకని బిగిస్తున్నానన్నారు.”

“ఒకటి ప్రసంగానికే. మిగతావి వాళ్లకి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు బాధపడతావని.”

“బాధపడతాననా, అడ్డుపడతాననా?”

ఆయన వంగి కిందపడ్డ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. అయ్యగారు వద్దన్నారనీ, ఆదివారం ఆరాధనలో ఆవిణ్ని వేదిక మీదికి పిలిచి పువ్వులిచ్చి, ఇన్నాళ్లూ చేసిన సేవకి కృతజ్ఞత చెబుతారనీ, అది ఆవిడకి తియ్యటి ఆశ్చర్యంగా ఉండాలనుకున్నారనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ తరవాత నుంచి పాట క్వయర్ పాడుతుంది. ముందు నిలబడి నడిపించేది చెల్లెలు.

తియ్యటి ఆశ్చర్యమట. మనిషి కూర్చున్న కుర్చీ లాగేసి, కింద పడ్డాక చేతిలో పువ్వులు పెట్టడాన్ని ఏ భాషలో అలా అంటారో ఆ అయ్యగారినే అడగాలి.

ఆ సంఘంలో పాట ఎత్తేది టైలరమ్మ. అక్కడ వాయిద్యం లేదు. మూడో బెంచీలో, ఒక పక్క అమ్మ, ఇంకో పక్క చెల్లెలు, మధ్యన ఆవిడ. పాదం ముందు ఆవిడ ఒక్కతే పాడుతుంది. పాడి ఇచ్చాక హాలంతా లేచి నిలబడి అదే పాదాన్ని అందుకుంటుంది. చదువు రానివాళ్లు మాటలు ఆవిడ నోటినుంచే పట్టుకుంటారు. బొంగురు గొంతులూ ముసలి గొంతులూ కూడా చేరగలిగేలా బాగా కిందనుంచి ఎత్తడం ఆవిడ పద్ధతి. వేదిక మీదికి ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లమన్నా వెళ్లేది కాదు. జనం మధ్యలో కూర్చుంటేనే ఎవరి గొంతు ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుందని ఆవిడ నమ్మకం.

“మరి జనం?” అంది చివరికి.

“జనం ఏమిటి?”

“క్వయర్ పాడితే జనం ఏం చేస్తారు?”

“వింటారు. అందరూ పాడితే ఒకళ్ల శ్రుతి ఒకళ్లకి కలవట్లేదని అయ్యగారి బాధ. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటున్నారట.” ఆయన కాస్త ధైర్యం తెచ్చుకుని గొంతు తగ్గించాడు. “అయినా నీ గొంతు సంగతి అయ్యగారికి తెలుసు కదా. పైపాదాలు నువ్వు పాడలేకపోతున్నావని. ఇంకెన్నాళ్లు కష్టపడతావు?”

టైలరమ్మ మొహంలో రంగు పోయింది.

ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఆవిడకి, చెల్లెలికి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక కింది స్వరం పాతదానిలాగే తిరిగొచ్చింది గానీ, పాట పైకి వెళ్లే చోట గొంతు పుటుక్కున విరిగిపోయేది. ఆవిడ ఏడుస్తూ కూర్చుంటే చెల్లెలే ఉపాయం చెప్పింది. “కింది సగం నువ్వు పాడు. పై సగం నేను అందుకుంటాను. ఇద్దరిదీ ఒకటే గొంతు, ఎవడు కనిపెడతాడు?” వంటింట్లో కొళాయి తిప్పుకుని, ఆ నీళ్ల చప్పుడు మాటున సాధన చేశారు. అక్క పాడుతున్నంతసేపూ చెల్లెలు గుండెల నిండా ఊపిరి పట్టి ఉంచుకుంటుంది. అక్క ఆపే చోట చెల్లెలు మొదలుపెడుతుంది. తల వంచుకుని పాడతారు గనక పెదవులు ఎవరివి కదులుతున్నాయో ఎవరికీ కనపడదు. నిజంగానే ఎవడూ కనిపెట్టలేదు.

“మీకెవరు చెప్పారు?” అంది.

“నువ్వు మాత్రం చెప్పలేదు,” అన్నాడు మొగుడు. మొదటిసారి ఆయన గొంతులో ఉక్రోషం వినిపించింది. “కట్టుకున్నవాణ్ని. ఆపరేషన్ గది బయట పస్తు కూర్చున్నవాణ్ని. నీకు గొంతు పోయిందన్న మాట నాకు అయ్యగారి నోటినుంచి తెలిసింది.”

“అయ్యగారికి ఎవరు చెప్పారు?”

ఆయన బల్ల మీది జాకెట్టు వంక చూశాడు. అంతకంటే ఏం చెప్పాలి?

*

చెల్లెలు మందుల షాపులో పనిచేస్తుంది. షాపు మూయగానే అమ్మని చూసిపోవడానికి రోజూ వస్తుంది. ఆ సాయంత్రమూ వచ్చింది. చెప్పులు విప్పుతూనే గోడవార గౌన్లు చూసి, చూడనట్టు అమ్మ పక్కన చేరింది.

“ఏం చిన్నదానా, ఆలస్యం అయిందేం?” అంది అమ్మ.

“పనుండిపోయిందమ్మా.”

“పాట సాధనా?” అంది టైలరమ్మ, మిషను మీంచి తల ఎత్తకుండా.

అమ్మ చేతిలో గుండీల చప్పుడు ఆగిపోయింది. మొగుడు ఇంట్లో లేడు. ఎవరిదో ఫ్యాను బాగుచెయ్యాలంటూ మధ్యాహ్నమే జారుకున్నాడు. ఆ ఫ్యాను ఎవరిదో ఆయనకే తెలియాలి.

టైలరమ్మ లేచి జాకెట్టు తెచ్చి చెల్లెలి ఒళ్లో పెట్టింది. “ఆదికి ఇది పంపావు. ఇంకోటి దొరకలేదా?”

చెల్లెలు జాకెట్టుని మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

“వెతికాను,” అంది. “బీరువా అంతా వెతికాను. నువ్వు కుట్టనిది నా దగ్గర ఒక్కటీ లేదు. షాపులో కొందామని వెళ్లాను. ఏదీ భుజం దగ్గర కూర్చోలేదు. ఇక తప్పక సంచిలో అడుగున పెట్టాను. అప్పటికి చూస్తావులే, చివర్న చూస్తావులే అనుకున్నాను.”

“చూడాలనే పెట్టావా?”

“ఏమో.”

“మొహం మీద చెప్పడానికి ఏమైంది?”

“ఎన్నిసార్లు వచ్చానో తెలుసా చెబుదామని. వచ్చిన ప్రతిసారీ నువ్వు అన్నం పెట్టేదానివి. నీ చేతి కూడు తింటూ ఆ మాట ఎలా చెప్పనూ?”

“తినకుండా చెప్పాల్సింది.”

వీధిలో సైకిలు బెల్లు మోగి వెళ్లిపోయింది.

“గొంతు సంగతి అయ్యగారికి ఎందుకు చెప్పావు?” అంది టైలరమ్మ. “పాట కావాలంటే అడిగితే ఇచ్చేదాన్ని.”

“ఇచ్చేదానివి.” చెల్లెలు తల ఎత్తింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతులో లేవు. “అందుకే అడగలేదు. నువ్వు ఇచ్చిన బట్ట కట్టుకున్నాను, నువ్వు పెట్టింది తిన్నాను, నువ్వు కట్టిన ఫీజుతో చదివాను. నువ్వు పాడగా మిగిలిన సగం పాట పాడాను. అది కూడా నీ పేరు మీదే. ఆరాధన అయ్యాక అందరూ నీ చేతులు పట్టుకుని, పైపాదం ఎంత బాగా అందుకున్నావమ్మా, ఆపరేషన్ అయినా నీ గొంతు చెక్కుచెదర్లేదమ్మా అంటుంటే నీ పక్కన బొమ్మలా నిలబడేదాన్ని. అది నా గొంతక్కా. ఒక్కసారి, ఒక్క మనిషికి, అది మా చెల్లిదండీ అని చెప్పావా?”

టైలరమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

“చెబితే గుట్టు బయటపడేది కదే,” అంది.

“నీ గుట్టు.”

“మన గుట్టు. నువ్వే కదా ఉపాయం చెప్పింది.”

“నీకు గొంతు వచ్చేదాకా అనుకున్నాను. నా గొంతు పోయేదాకా అనుకోలేదు.”

అమ్మ డబ్బా మూత పెట్టింది. “ఇక చాలు. ఇద్దరూ నోళ్లు మూసుకోండి,” అంది. మామూలుగా అయితే ఆ మాటతో ఇద్దరూ నోళ్లు మూసుకునేవాళ్లు.

“జనాన్ని కూర్చోబెడతారట కదా,” అంది టైలరమ్మ. “వాళ్లు ఏం తప్పు చేశారు? నామీద కోపానికి వాళ్ల నోళ్లు ఎందుకు కుట్టేయడం?”

“అది అయ్యగారి ఇష్టం.”

“నీ ఇష్టం ఏమిటి?”

చెల్లెలు లేచింది. చెప్పులు తొడుక్కుంది. గుమ్మంలో ఆగి, గోడవార గౌన్ల వంక చూపించి, “నాది కుడతావా, వేరేచోట ఇచ్చుకోమంటావా?” అంది.

“వేరేవాళ్లు కుడితే నీ భుజం దగ్గర కూర్చుంటుందా?”

చెల్లెలు గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది. జాకెట్టు బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది.

*

మర్నాడు ఆ ఇంట్లో మాటలు కరువైపోయాయి. మొగుడు కాఫీ కలిపి మిషను పక్కన పెడితే టైలరమ్మ దాన్ని చల్లారేదాకా చూసి, తీసుకెళ్లి సింకులో పోసింది. ఆయన ఇంకోటి కలిపి తెచ్చాడు. అదీ అక్కడికే పోయింది. మూడోది తెచ్చే దమ్ము లేక ఆయన తనే తాగేశాడు.

టైలరమ్మ చెల్లెలి గౌను కత్తిరించింది. కత్తెర ఎప్పటిలా సాఫీగా నడిచింది. అలవాటైన కొలత కదా. ఎడమ భుజం దగ్గర లోపలి అతుకు వేసింది. గౌను మెడ చుట్టూ కుట్టింది. చేతులు ఎక్కించింది. పక్క కుట్లు మిగిలాయి.

అక్కడ ఆవిడకి పాడుబుద్ధి పుట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. పక్కటెముకల దగ్గర అరంగుళం బిగిస్తే చాలు. నిలబడితే తెలియదు, నడిస్తే తెలియదు. గుండెల నిండా ఊపిరి పీల్చబోతేనే తెలుస్తుంది. పై సగం ఎక్కేటప్పుడు ఊపిరి చాలదు. మైకు ముందు, అందరి ముందు. దర్జీ తప్పని ఎవరూ అనరు.

బిగించే కుట్టింది. రెండు పక్కలా కుట్టి, దారం తెంపి, ఎత్తి పట్టుకుని చూసింది. చూడ్డానికి ఎంతో బాగుంది. హ్యాంగరుకి తగిలించబోయి మానేసింది.

“అమ్మా,” అంది. “నీకు తెలుసా, పై సగం నేను పాడట్లేదని?”

“ఇద్దర్నీ కన్నదాన్ని,” అంది అమ్మ. “ఏ గొంతు ఎవరిదో నాకు తెలియదా? మొదటి ఆదివారమే తెలిసింది.”

“ఒక్కమాట అనలేదే?”

“ఏమనను? మీ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చున్న రోజులు అవే. మధ్యలో నేను వేలు పెడితే అవీ పోతాయనుకున్నాను.” అమ్మ డబ్బా పక్కన పెట్టింది. “చిన్నది మీ ఇంట్లో సగం, ఆ బెంచీలో సగం పెరిగింది. నీ పక్కనుంచి లేవాలని దానికి ఉండటం తప్పు కాదు. లేచే పద్ధతి తప్పు.”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“ఆదివారం నన్ను మూడో బెంచీకి తీసుకెళ్లు. అంతే. నాకు ఇంకో చోటికి దారి తెలియదు.”

టైలరమ్మ బ్లేడు తీసుకుని గౌను పక్క కుట్లు రెండూ విప్పేసింది. కొలత ప్రకారం కుట్టబోయి ఆగింది. సుద్ద తీసి, కొలతకి అరంగుళం బయటికి గీసింది. ఊపిరికి చోటు వదిలి కుట్టింది. ఎందుకలా చేసిందని అడిగితే ఆవిడ చెప్పలేకపోయేది. కసి తీరా బిగించిన చెయ్యే వదులు చేసింది, అంతే.

*

ఆదివారం గంట మోగేసరికి చర్చి పక్కగదిలో క్వయర్ వాళ్లు గౌన్లు తొడుక్కుంటున్నారు. ఎవరి గౌను ఎవరిదో చెప్పి అందించడానికి టైలరమ్మ వెళ్లక తప్పలేదు. వాళ్లలో కొందరు ఆవిడ మొహం చూడలేక గుండీల మీద అక్కర్లేనంత శ్రద్ధ పెట్టారు.

చెల్లెలు గౌను తొడుక్కుంది. భుజం సరిగ్గా కూర్చుంది. పక్కలు తడుముకుని, “వదులుగా ఉందేంటి?” అంది.

“ఊపిరి పట్టాలి కదా,” అంది టైలరమ్మ.

చెల్లెలు ఏదో అనబోయింది. ఎవరో తలుపు తట్టి వేళయిందన్నారు.

హాలు నిండుగా ఉంది. టైలరమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని మూడో బెంచీకి నడిపించింది. మూడో మనిషి చోటు ఖాళీగా ఉంది. రెండు బెంచీల వెనక కూర్చునే మొగుడు ఇవాళ మైకుల వైర్ల కోసం మొదటి బెంచీలో కూర్చున్నాడు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

అయ్యగారు మంచిమాటలే చెప్పారు. సేవ అన్నారు, త్యాగం అన్నారు, విశ్రాంతి అన్నారు. పిలిస్తే టైలరమ్మ వేదిక మెట్ల దగ్గరే ఆగింది, కిందికి దిగొచ్చి పువ్వుల గుత్తి ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకింకా సంగతి పూర్తిగా అర్థం కాలేదు. టైలరమ్మ పువ్వులు తెచ్చి చెల్లెలి ఖాళీ చోట పెట్టింది.

క్వయర్ వేదిక ఎక్కింది. కొత్తగా తెచ్చిన కీబోర్డు మోగింది. పాట అందరికీ తెలిసిందే. ఆ సంఘంలో దాన్ని ఎక్కుడు పాట అంటారు. చరణం చివరి పాదంలో రాగం మెట్లెక్కినట్టు ఎక్కుతుంది గనక ఆ పేరు. అలవాటు కొద్దీ హాలంతా లేచి నిలబడింది.

చెల్లెలు పల్లవి ఎత్తింది. ఎంత బాగా పాడిందో అక్క చెవులకే ముందు తెలిసింది. కడుపు మండుతూనే ఉంది, ఒళ్లు పులకరిస్తూనే ఉంది. అయితే శ్రుతి పైన ఉంది. వెనక బెంచీల్లో మగవాళ్లు రెండు మాటలు ప్రయత్నించి ఆపేశారు. ముసలమ్మలు పెదవులు కదిపి, కదిపి, మూసుకున్నారు. మాట అందించేవాళ్లు లేక చదువు రానివాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒక్కొక్క గొంతూ ఎక్కడ ఆగిందో టైలరమ్మకి తెలుస్తూనే ఉంది.

చరణం మొదలైంది. చివరి పాదం వచ్చింది. కీబోర్డు దారి చూపించింది.

చెల్లెలు నోరు మూసుకుంది.

క్వయర్ వాళ్లు ఆమెని చూసి పాడేవాళ్లు. ఆమె ఆగితే వాళ్లూ ఆగారు. కీబోర్డు అదే చోట చుట్టూ తిరిగింది. చెల్లెలు సూటిగా మూడో బెంచీ వైపు చూస్తోంది. ఆ పాదం కింది సగం జనం మధ్య ఎప్పుడూ అక్క పాడుతుంటే వినడమే గానీ పాడటం ఎరగని మనిషి. మరిచిపోయి ఆగిందో, కావాలనే ఆగిందో ఆ ఒక్క చూపులో ఎవరు తేల్చగలరు?

టైలరమ్మ తేల్చుకునేదాకా ఆగలేదు. ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఎంత దూరము పోయినా...”

మైకు లేని గొంతు. కిందనుంచి, నిదానంగా, ఎప్పటిలాగే. హాలంతా ఒక్కసారి హమ్మయ్య అన్నట్టు కదిలింది. పాదం పూర్తి కాగానే అందుకోవడానికి అందరూ సిద్ధమయ్యారు. అమ్మ చెయ్యి అక్క చేతిని గట్టిగా పట్టుకుంది.

వేదిక మీద చెల్లెలు ఊపిరి తీసుకోవడం టైలరమ్మకి కనపడింది. గౌను పక్కలు నిండాయి. తను వదిలిన అరంగుళం వరకూ నిండాయి. ఇక అందుకుంటుంది. ఎన్ని ఆదివారాలు అలా అందుకుందో. టైలరమ్మ తన వంతు ముగించి, ఎప్పటిలాగే ఆపింది.

అటునుంచి ఏమీ రాలేదు.

జనం ఎదురుచూస్తున్నారు. పాదం సగంలో ఉంది. సగంలో వదిలేసిన పాటని ఎలా అందుకోవాలో వాళ్లకి తెలియదు. ఎవరూ ఎప్పుడూ అలా వదల్లేదు. ఇక గత్యంతరం లేక టైలరమ్మే పైకి వెళ్లింది.

“ఇంటి దీపము...”

గొంతు విరిగింది. దీపమన్న మాట మధ్యలో, అందరూ వినేలా, పిల్లలు కూడా తలతిప్పి చూసేలా విరిగింది. ఆవిడ మళ్లీ ప్రయత్నించింది. గాలి వచ్చింది గానీ స్వరం రాలేదు.

అప్పుడు చెల్లెలు మైకు వైపు వంగింది. పట్టి ఉంచిన ఊపిరంతా మాటలకి వాడుకుంది.

“మా అక్కకి చాలాకాలంగా గొంతు బాగోలేదండీ,” అంది, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా. “పై సగం ఇన్నాళ్లూ నేనే పాడుతున్నాను. అందరూ కూర్చోండి. మేం పాడతాం.”

మొదటి బెంచీ కూర్చుంది. దాని వెనక బెంచీ కూర్చుంది. బట్టల సవ్వడి, బెంచీల కిర్రుమనే చప్పుడు హాలు చివరిదాకా పాకుతూ వెళ్లాయి. మొగుడు సగం కూర్చుని, వెనక్కి తిరిగి పెళ్లాన్ని చూసి, అక్కడే ఆగిపోయాడు. కూర్చోనూ లేదు, నిలబడనూ లేదు.

టైలరమ్మ నిలబడే ఉంది. పక్కనున్న అమ్మ చెయ్యి వదలట్లేదు. అమ్మ కూర్చోలేదు. చూపు ఆనని కళ్లు చుట్టూ తిప్పి, ఆ చప్పుడంతా ఏమిటో వింటోంది.

“ఎందుకు కూర్చుంటున్నారు?” అంది అమ్మ, హాలంతటికీ వినపడేలా. “పాదం ఇంకా అవలేదుగా?”

వేదిక మీద చెల్లెలు మైకు పట్టుకుని అమ్మ వంకే చూస్తూ నిలబడింది. పాట మాత్రం మొదలుపెట్టలేదు.